57 ఏళ్ల వయసులో మెడ, దవడ జారితే: థ్రెడ్ లిఫ్టా, ఫేస్‌లిఫ్టా, అసలు ఏమీ వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 57, ఊరు చిత్తూరు. షుగర్ వచ్చాక ఆహారం మార్చుకుని రెండేళ్లలో 11 కిలోలు తగ్గారు. ఒళ్లు తేలికపడింది గానీ మెడ కింద చర్మం వేలాడుతోంది, దవడ అంచున రెండు పక్కలా సంచుల్లా దిగింది. మూడు నెలల్లో అమ్మాయి పెళ్లి. ఒక క్లినిక్‌లో దారాలతో పైకి లాగే థ్రెడ్ లిఫ్ట్ చేస్తామని, కోత ఉండదని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చని చెప్పారు. మరో డాక్టరు ఫేస్‌లిఫ్ట్ ఒక్కటే మార్గమన్నారు. ఏది మంచిది? మచ్చలు కనబడతాయా? పెళ్లయ్యాక తిరుమలలో తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంది, దానికి ఇబ్బంది అవుతుందా?

తిరుపతిలో ప్లాస్టిక్ సర్జన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ముందు సూటిగా చెబుతాను. మీరు వర్ణించిన మెడకు థ్రెడ్ లిఫ్ట్ పనికిరాదు. డబ్బు ఖర్చవుతుంది, కొన్ని నెలల్లో మెడ మళ్లీ మొదటికి వస్తుంది. మీకు ఫలితం ఇచ్చేది ముఖం కింది భాగాన్ని, మెడను కలిపి సరిచేసే ఆపరేషన్, అంటే ఫేస్‌లిఫ్ట్. అయితే దాన్ని పెళ్లికి ముందు చేయించుకోకండి. పెళ్లి కానివ్వండి, మొక్కు తీర్చుకోండి, జుట్టు పెరగనివ్వండి, ఆ తర్వాతే ఆపరేషన్ మాట. ఏమీ చేయించుకోకూడదనుకున్నా అది సరైన నిర్ణయమే. ఆలస్యమైతే ముదిరే జబ్బు కాదిది. అందుకని ఎవరైనా మిమ్మల్ని తొందరపెడుతుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మిమ్మల్ని చూడకుండానే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ 11 కిలోలు. దూది తగ్గిన దిండుకు గలీబు వదులైనట్టు, లోపలి కొవ్వు తగ్గాక చర్మం మిగిలిపోయింది. పాతికేళ్ల వయసులో అయితే చర్మం చాలావరకు తనంతట తానే బిగుసుకునేది. బహిష్టులు ఆగిన తర్వాత ఆ గుణం బాగా తగ్గిపోతుంది. మీ సమస్య మిగులు చర్మం. దారాలు చర్మాన్ని ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించవు, ఒకచోటి నుంచి మరోచోటికి జరిపి పట్టి ఉంచుతాయి, అంతే.

ముఖం ముదరడం అంటే ముడతలేనని చాలామంది అనుకుంటారు. చర్మం వదులవడం అందులో ఒక భాగం మాత్రమే. దాని కింది కొవ్వు కణతల దగ్గర, కళ్ల కింద తగ్గుతుంది; చెంపల్లోది దవడ మీదికి జారుతుంది. మెడ ముందు వైపు పల్చగా పరుచుకుని ఉండే ప్లాటిస్మా అనే కండరం మధ్యలో విడిపోయి, గడ్డం నుంచి కిందికి రెండు నిలువు పట్టీలుగా కనబడుతుంది. అన్నిటికన్నా అడుగున ఉన్న ఎముక కూడా అరుగుతుంది, పళ్లు పోయిన చోట మరీ ఎక్కువగా. పుత్తూరు నుంచి ఒకావిడ చెంపలు లోపలికి పోయాయని, ఫేస్‌లిఫ్ట్ చేయమని వచ్చారు. నోరు తెరిపించి చూస్తే రెండు పక్కలా దవడ పళ్లు లేవు. దంతవైద్యుడి దగ్గరికి పంపాను. పళ్లు కట్టించుకున్నాక ఒకసారి వచ్చి చూపించి వెళ్లారు, ఆపరేషన్ ఊసే ఎత్తలేదు.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. పగటిపూట కిటికీ పక్కన కూర్చుని, చేతిలో అద్దం పట్టుకుని, పళ్లు బిగించి కింది పెదవిని కిందికి లాగుతూ ‘ఈ’ అనండి. మెడలో నిలువు పట్టీలు లేస్తే ప్లాటిస్మా సంగతి చూడాలన్నమాట. తర్వాత గడ్డం కింద ఉన్నదాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. మందంగా, మెత్తగా తగిలితే కొవ్వు. పల్చగా ఉండి, వదిలాక మెల్లగా వెనక్కి వెళితే ఉత్త చర్మం. అలా పట్టుకునే మళ్లీ మెడ బిగించండి. వేళ్ల మధ్య ఉన్నది తగ్గిపోతే మిగతా కొవ్వు కండరం వెనక ఉన్నట్టు. పైపైన ఇచ్చే సూదులకు అది అందదు. ఈ మాత్రం తెలుసుకుని డాక్టరు దగ్గరికి వెళితే, మీకు చెబుతున్న చికిత్స ఏ పొరకు చేసేదో అడగగలుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మిగతావి అడగనక్కర్లేదు.

థ్రెడ్ లిఫ్ట్ గురించి ఇంకొంచెం. ఎక్కువగా వాడేవి పాలీడయాక్సనోన్ దారాలు. మేం ఆపరేషన్లలో లోపలి కుట్లకు వాడే పదార్థమే. అది సుమారు ఆరు నెలల్లో శరీరంలో కరిగిపోతుంది. ఫలితం కాస్త అటూ ఇటూగా నిలిచినా ఏడాది దాటడం అరుదు. 40 ఏళ్ల దగ్గర, దవడ గీత కొద్దిగా చెదిరిన సన్నని ముఖానికి, ఇది తాత్కాలికమని తెలిసి చేయించుకుంటే తప్పు లేదు. పలమనేరు నుంచి వచ్చిన ఒక మహిళ వేరేచోట రెండుసార్లు చేయించుకున్నారు. వేలితో తడిమితే చెంప చర్మం కింద దారం కొన గుచ్చుకుంటోంది, నవ్వినప్పుడు సరిగ్గా అక్కడే సొట్ట పడుతోంది. ఆ కొన తీసేస్తే సొట్ట పోయింది. ఆవిడ బాధ మాత్రం సొట్ట గురించి కాదు, ఆ రెండు సార్లకూ పెట్టిన డబ్బు గురించి.

హైఫు, అంటే అల్ట్రాసౌండ్ వేడితో లోపలి పొరను బిగించే పద్ధతి, కొద్దిపాటి వదులుకే పనిచేస్తుంది. ఫలితం రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇప్పటికే బరువు తగ్గి చెంపలు పీక్కుపోయినవాళ్లకు నేను వద్దంటాను, ఆ వేడికి ఉన్న కాస్త కొవ్వు కూడా తగ్గే ప్రమాదం ఉంది.

బొటాక్స్, అంటే కండరాన్ని సడలించే ఇంజెక్షన్, మెడ పట్టీలను వదులు చేస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 అక్టోబరులో ఈ అవసరానికి కూడా అనుమతి ఇచ్చింది. మూడు నాలుగు నెలలు ఉంటుంది. పట్టీలు కనబడుతూ చర్మం బిగువుగా ఉన్నవాళ్లకు చక్కగా పనిచేస్తుంది. వేలాడే చర్మాన్ని మాత్రం అదేమీ చేయలేదు. మోతాదు మించినా, లోతు తప్పినా మింగడం ఇబ్బందవుతుంది. అందుకే బ్యూటీ పార్లర్లలో, ఇళ్లలో ఎవరైనా సూది పట్టుకుంటే ఒప్పుకోకండి.

కొవ్వు కరిగించే ఇంజెక్షన్లు, గొట్టంతో కొవ్వు లాగేసే లైపోసక్షన్ మీకు అక్కర్లేదు. గడ్డం కింద కొవ్వు ఉండి చర్మం బిగువుగా ఉన్న ముప్పై ఏళ్ల వాళ్లకు మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాల నుంచి లైపోసక్షన్ చేస్తే మెడ గీత బ్రహ్మాండంగా వస్తుంది. మీకు చేస్తే చర్మం ఇంకా వేలాడుతుంది.

ఫిల్లర్ల, అంటే నిండుదనం కోసం చర్మం లోపలికి ఇచ్చే జెల్ ఇంజెక్షన్ల విషయంలో ఒక్క మాట. చెంప, గడ్డం ఎముక దగ్గర తగుమాత్రంగా ఇస్తే ముఖానికి నిండుదనం వస్తుంది. కానీ పొరపాటున రక్తనాళంలోకి వెళితే ఆ భాగం చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా కంటిచూపు పోవచ్చు. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేస్ ఆ గదిలోనే అందుబాటులో ఉందో లేదో అడిగి, చూపించమని చెప్పి, అప్పుడు కూర్చోండి.

ఇక ఆపరేషన్. పూర్తి మత్తులో గానీ, మగత మందుతో పాటు చోటు మొద్దుబార్చి గానీ చేస్తాం. మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. కోత కణత దగ్గరి జుట్టులో మొదలై, చెవి ముందు మడతలో దిగి, తమ్మె కింద తిరిగి, చెవి వెనక మడతలోంచి మెడ వెనక జుట్టులోకి వెళుతుంది. గడ్డం కింద మూడు సెంటీమీటర్ల మరో చిన్న కోత. అందులోంచి విడిపోయిన ప్లాటిస్మా అంచులను మధ్యలో కలిపి కుడతాం. పక్కల నుంచి, చర్మం కింద ఉండే స్మాస్ అనే గట్టి పొరను పైకెత్తి బిగిస్తాం. చర్మాన్ని చివర్లో, ఏ లాగుడూ లేకుండా పరిచి, మిగిలినంత మేరకే కత్తిరిస్తాం. ఈ స్మాస్ పొరను 1976లో ఫ్రెంచి సర్జన్లు మిట్జ్, పెరోనీ వివరించారు. అంతకుముందు చర్మాన్నే లాగి కుట్టేవారు. ముఖం బిగుసుకుపోయేది, మచ్చ వెడల్పయ్యేది, చెవి తమ్మె చెంప మీదికి సాగేది, ఏడాది రెండేళ్లలో అంతా మళ్లీ జారేది. 1990లో హామ్రా అనే అమెరికన్ సర్జన్ ఇంకా లోతు నుంచి ఎత్తే డీప్ ప్లేన్ పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు ప్రకటనలన్నీ దాని పేరే చెబుతున్నాయి. నా అభిప్రాయం అడిగితే, పద్ధతి పేరు కన్నా ఆ సర్జన్ చేయి దేనికి అలవాటుపడిందన్నదే ముఖ్యం.

దీని వల్ల దవడ గీత, మెడ వంపు తిరిగి వస్తాయి. ముక్కు పక్క గీతలు కొంతే తగ్గుతాయి. పెదవి మీది సన్నని గీతలు, కళ్ల కింది సంచులు, మంగు మచ్చలు ఎక్కడివక్కడే ఉంటాయి. మన చర్మానికి సన్నని ముడతల కన్నా జారుడు, నల్ల మచ్చలు ఎక్కువ. మచ్చల కోసం బలమైన లేజర్ చేయిస్తే ఇంకా నల్లబడే అవకాశం తెల్ల చర్మం కన్నా మనకే ఎక్కువ. విదేశీ ఫొటోలు చూసి దాన్ని అడగకండి. సాధారణంగా ఆపరేషన్ ఫలితం ఎనిమిది పదేళ్లు ఉంటుందని చెబుతాం, ముందుగా వదులయ్యేది మాత్రం మెడే.

కోలుకోవడం ఎలా ఉంటుందో ఎవరూ సరిగా చెప్పరు. మొదటి వారం ముఖం ఉబ్బి, కమిలి, మిమ్మల్ని మీరే గుర్తుపట్టలేరు. చెవి ముందు కుట్లు వారంలోపు, వెనకవి పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తాం. మూడు నాలుగు వారాలకు పదిమందిలోకి వెళ్లవచ్చు. చెవి, చెంప దగ్గర మొద్దుబారినట్టు ఉండటం నెలల తరబడి ఉంటుంది. మచ్చలు ఎర్రదనం తగ్గి కలిసిపోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. మూడు నెలల్లో పెళ్లి పెట్టుకుని ఇది వద్దనడానికి కారణం ఇదే. లెక్క ప్రకారం సరిపోయినట్టు కనబడుతుంది. కానీ గాయం మానడంలో రెండు వారాలు ఆలస్యమైతే పసుపు దంచే రోజుకు మీరు గదిలో కూర్చోవాలి. పెళ్లి పనుల ఒత్తిడిలో బీపీ, షుగర్ కూడా అదుపులో ఉండవు.

బీపీ మాట వచ్చింది కాబట్టి, ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం చేరడం. చాలావరకు మొదటి 24 గంటల్లోనే వస్తుంది. ఒక పేషెంటుకు సాయంత్రం వరకు అంతా బాగానే ఉంది. రాత్రి వాంతులు మొదలయ్యాయి, బీపీ పెరిగింది. ఎడమ చెంప నొప్పిగా ఉందని, కట్టు బిగుతైందని నర్సుతో అన్నారు. కట్టు విప్పి చూస్తే ఎడమవైపు కుడివైపు కన్నా రెట్టింపు ఉబ్బి, నొక్కితే గట్టిగా ఉంది. అప్పటికప్పుడు థియేటరుకు తీసుకెళ్లి, కుట్లు విప్పి, రక్తం తీసేసి, కారుతున్న చోటు మూసి మళ్లీ కుట్టాం. ఫలితంలో ఏ తేడా రాలేదు. అదే ఇంట్లో ఉండి తెల్లవారేదాకా ఓర్చుకుని ఉంటే ఆ చెంప చర్మం దక్కేది కాదు. రెండు వైపులా సమానంగా ఉండే నొప్పి మామూలే. ఒక్కవైపే పెరుగుతున్న నొప్పి మాత్రం అర్ధరాత్రయినా సర్జన్‌ను లేపాల్సిన విషయం. అందుకే దూరం నుంచి వచ్చినవాళ్లను కనీసం రెండు రాత్రులు ఇక్కడే ఉండమంటాను. ఆపరేషనయిన సాయంత్రమే బస్సెక్కి చిత్తూరు వెళ్లిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

ముఖాన్ని కదిలించే నరానికి దెబ్బ తగలడం అందరూ భయపడే విషయం. కనుబొమ ఎత్తలేకపోవడం, కింది పెదవి ఒక పక్క కిందికి దిగకపోవడం కొందరిలో కనబడతాయి. వాటిలో ఎక్కువ భాగం వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి. శాశ్వతంగా మిగలడం చాలా తక్కువ, అసలు లేదని మాత్రం చెప్పను. దానికన్నా తరచుగా దెబ్బ తినేది చెవికి స్పర్శ ఇచ్చే నరం. చెవి మొద్దుబారి ఉన్నన్నాళ్లు కమ్మ గుచ్చుకున్నా, హెయిర్ డ్రయ్యర్ కాల్చినా తెలియదు. జాగ్రత్తగా ఉండాలి.

షుగర్ సంగతి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంటే నిశ్చింతగా చేస్తాను, 8 దాటితే వాయిదా వేస్తాను. బరువు కూడా కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలవాలి. ఆపరేషన్ తర్వాత ఇంకో ఐదు కిలోలు తగ్గితే చర్మం మళ్లీ వదులవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వర్గం షుగర్ మాత్రలు వేసుకుంటుంటే మూడు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది, అది మీ షుగర్ డాక్టరు, మత్తు డాక్టరు కలిసి చెప్పాలి. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులను గుండె డాక్టరును అడగకుండా ఎప్పుడూ ఆపకండి. ఆయన ఆపవద్దంటే ఈ ఆపరేషనే మానుకోవాలి. చేపనూనె, విటమిన్ ఇ గుళికలు, నాటు మందులు కూడా రక్తస్రావాన్ని పెంచవచ్చు, వాటిని దాచకుండా చెప్పండి.

పొగ తాగేవాళ్లకు చర్మం చివర్లు నల్లబడి చచ్చిపోయే ముప్పు చాలా ఎక్కువ. కనీసం నాలుగు వారాల ముందు నుంచి, గాయం మానేదాకా బీడీ, సిగరెట్ మానేయాలి. నికోటిన్ బిళ్లలు కూడా వద్దు. దామలచెరువు వైపు మామిడి వ్యాపారం చేసే ఒక పెద్దాయన మెడ చేయించుకోవాలని వచ్చినప్పుడు బీడీ మానేదాకా తేదీ ఇవ్వనన్నాను. మరుసటి సీజను అయ్యాక మానేసి వచ్చారు, చేశాను. ఇది చదివే మగవాళ్లకు ఇంకో సంగతి: చర్మం వెనక్కి జరిగినప్పుడు గడ్డం వెంట్రుకలు కూడా చెవి వెనక్కి జరుగుతాయి, తర్వాత అక్కడ కూడా గీసుకోవాలి. మగవాళ్లకు రక్తం చేరే ముప్పు కూడా ఆడవాళ్ల కన్నా ఎక్కువే.

ఇప్పుడు మీ మొక్కు. ఈ ప్రశ్న మా ఊళ్లో తరచూ వస్తుంది, పుస్తకాల్లో మాత్రం దీనికి జవాబు ఉండదు. ఫేస్‌లిఫ్ట్ మచ్చలు దాగేదే జుట్టులో, చెవి వెనక. గుండు చేయించుకుంటే చెవి వెనక నుంచి మెడ మీదికి వెళ్లిన గీత అందరికీ కనబడుతుంది. కుట్ల దగ్గర రవ్వంత మేర వెంట్రుకలు రాకపోతే అదీ కనబడుతుంది. పచ్చిగా ఉన్న మచ్చ మీద కత్తి పడితే తెగుతుంది, చీము పట్టవచ్చు. అందుకే ముందు కల్యాణకట్ట, తర్వాత ఆపరేషన్. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చెవి వెనక భాగాన్ని కప్పేంత పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పట్టవచ్చు. ఆ లోపల షుగర్ అదుపు, బరువు నిలకడ రెండూ తేలిపోతాయి. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఏదైనా మొక్కు పడితే ఏడాది ఆగి ఇవ్వండి, లేదా మూడు కత్తెరలు ఇచ్చే పద్ధతి ఉండనే ఉంది. ఏటా గుండు చేయించుకునే అలవాటున్నవాళ్లు ఆ మాట మొదటే చెప్పాలి. జుట్టులోకి వెళ్లే గీతను వీలైనంత కుదించి, చెవి మడతలోనే ముగించడానికి చూస్తాం. మీలా చర్మం బాగా మిగిలినప్పుడు మరీ కుదిస్తే చెవి వెనక కుచ్చిళ్లు పడతాయి, కాబట్టి అక్కడ ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

మచ్చల గురించి ఇంకొకటి. గతంలో చెవి కుట్టించుకున్నచోట గానీ, కాన్పు ఆపరేషన్ గీత మీద గానీ కండ పెరిగి గట్టిపడితే ఆ సంగతి తప్పక చూపించండి. కీలాయిడ్ గుణం ఉన్నవాళ్లకు ఈ ఆపరేషన్ చేయడానికి నేను వెనకాడతాను. బరువైన కమ్మలతో తమ్మె రంధ్రం సాగి ఉంటే దాన్ని సరిచేయడం చిన్న పని, ఇప్పుడే విడిగా చేయించుకోవచ్చు. కానీ మళ్లీ చెవి కుట్టడానికి రెండు మూడు నెలలు ఆగాలి కనుక, పెళ్లిలో కమ్మలు పెట్టుకోవాలంటే ఇదీ తర్వాతకే వాయిదా.

పెళ్లి లోపల ఏం చేయవచ్చంటారా? ఈ రోజు నుంచే ఎండలోకి వెళ్లే ముందు సన్‌స్క్రీన్, చర్మ వైద్యుడిని అడిగి రాత్రిపూట కొద్దిగా ట్రెటినాయిన్ అనే పూత మందు. కనుబొమల మధ్య గీతలకు కావాలంటే పెళ్లికి నెల ముందు బొటాక్స్. ఫలితం పూర్తిగా రావడానికి రెండు వారాలు పడుతుంది, తేడా ఉంటే సర్దడానికి ఇంకో రెండు వారాలు మిగులుతాయి. ఆఖరి నెలలో కొత్త పీలింగ్, కొత్త లేజర్ ఏదీ ముట్టుకోవద్దు.

ఎవరి దగ్గర చేయించుకోవాలి అన్నదానికి: ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ప్లాస్టిక్ సర్జరీలో చేసినవారా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు ఉందా చూడండి. మత్తు డాక్టరు ఆపరేషన్ అంతసేపూ ఉంటారా, రాత్రి ఉంచుకునే ఆసుపత్రేనా అడగండి. వారు చేసిన మెడల ఫొటోలు ఆరు నెలలు దాటినవి చూపించమనండి, నెల రోజుల ఫొటో అందరిదీ బాగానే ఉంటుంది. తిరుపతికే రావాలని లేదు, చిత్తూరు నుంచి మీకు వేలూరే దగ్గర. ఇద్దరి అభిప్రాయం తీసుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా డబ్బు ఇవ్వదు, పైగా జీఎస్టీ పడుతుంది. సర్జన్, మత్తు, థియేటర్, గది, మందులు, ఒకవేళ మళ్లీ థియేటరుకు తీసుకెళ్లాల్సి వస్తే అయ్యే ఖర్చు, అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. దీని కోసం అప్పు మాత్రం చేయకండి అమ్మా.

వెళ్లేటప్పుడు వేసుకుంటున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, తాజా హెచ్‌బీఏ1సీ కాగితం పట్టుకెళ్లండి. నలభై ఏళ్ల వయసులో దిగిన ఫొటోలు రెండు మూడు, పక్కనుంచి తీసినవి ఉంటే మరీ మంచిది. సినిమా తారల ఫొటోలతో మాకు పని లేదు. మీ దవడ గీత అప్పుడు ఎక్కడ ఉండేదో మీ ఫొటోయే చెబుతుంది.